అన్నప్రాశనము : సూత్రము, ఆచారము

ఆశ్వలాయన గృహ్యసూత్రము అన్నప్రాశనమును ఆరవ మాసమున విధించినది. బ్రహ్మవర్చసము కోరువారికి తిత్తిరి మాంసమును సైతము పేర్కొని, పిమ్మట పెరుగు, తేనె, నేయి కలిపిన అన్నమును చెప్పినది. తెలుగు ఇండ్లలో దాని స్థానమును పరమాన్నము ఆక్రమించినది. శిశువు ముందు పుస్తకము, కలము, బంగారము, కత్తి ఉంచి ఏది పట్టునో చూచుట ఈ సూత్రమున లేదు. అది అనంతర నిబంధన గ్రంథములలోని జీవికాపరీక్ష. నేడు బంధువుల కన్నులన్నియు దానిమీదనే!

ఆరు నెలలు నిండిన పిమ్మట ఘనాహారమను ఆధునిక వైద్యమతము సూత్రమునకు సన్నిహితమే. తేనె విషయము వేరు. ఏడాది నిండని శిశువునకు అది బొటులిజమను ప్రాణాంతక వ్యాధికి హేతువు కావచ్చునని వైద్యులు దానిని నిషేధించుచున్నారు. పళ్లెములోని తేనెను తల్లి వలదన్నచో ఆచారభంగమని శంకింప పనిలేదు. పరమాన్నము వచ్చిననాడే సూత్రోక్త ద్రవ్యము మారినది కదా!