కాసు వెచ్చింపని లండను నగరదర్శనము

నేడు మన తెలుగు కుటుంబములలో బిడ్డలు విదేశములందు కాపురముండుట సామాన్యమైనది. కూతురి పురుటికనియో, మనుమల ముద్దుముచ్చటలకనియో తల్లులు లండను నగరమునకేగి, వీసా యనుమతించు ఆరుమాసములును అచ్చట గడపి వచ్చుచున్నారు. అట్లు వచ్చినవారిలో పెక్కుమంది చెప్పగలిగినది వంటయింటి కిటికీనుండి కనబడు వీథిని గూర్చియే. ఆదివారమున అల్లుడో కుమారుడో తీసికొనిపోయి ఒకటి రెండు వింతలు చూపును. తక్కిన దినములలో ఇంటిపని తీరిన పిదప ఆమెకు గోడలే తోడు.

వెలుపలికి పోవుటకు రెండు సంకోచములు అడ్డుతగులును. మొదటిది భాష. రెండవది డబ్బు. పౌనును రూపాయలలోనికి మార్చి లెక్కించుకొన్నంతనే గుండె ఝల్లుమనును. బిడ్డలకు భారము కాగూడదను అభిమానముచేత ఆమె, "నాకేమియు చూడవలెనని లేదు, నాయనా" అని ఊరకుండును. ఆ అభిమానము మెచ్చదగినదే. కాని ఆ నగరమున మేలైన ప్రదర్శనశాలలు పెక్కు ప్రవేశమునకు రుసుము పుచ్చుకొనవని తెలిసినచో, ఈ త్యాగము అనవసరమని తోచకమానదు.

వానిలో మొదట పేర్కొనదగినది బ్రిటిషు మ్యూజియము. 1753లో పార్లమెంటు శాసనముచేత ఏర్పడి, 1759లో ప్రజలకు తెరవబడినది. దాని సొత్తు నిత్యము చూచుటకు నేటికిని రుసుము లేదు. అందు తెలుగు స్త్రీ తప్పక చూడవలసినవి మన అమరావతి శిల్పములు. కృష్ణాతీరమందలి మహాచైత్యమును 1797లో కాలిన్ మెకంజీ చూచెను. 1845లో వాల్టర్ ఎలియట్ అచ్చట త్రవ్వించిన శిలలలో పెక్కు మదరాసు చేరి, అటుపిమ్మట 1859లో ఓడమీద లండనుకు పోయినవి. 1880నుండి అవి ఈ మ్యూజియమునందున్నవి.

ఆ శిలలలో ఒకదానిపై మాయాదేవి స్వప్నమును, బుద్ధుని జననమును చెక్కబడియున్నవి. మంచముపై పరుండిన తల్లి, చుట్టును పరిచారికలు. వేరొక భాగమున చెట్టుకొమ్మను పట్టుకొని నిలిచిన ఆమె ప్రక్కను, శిశువు పాదముద్రలు గల వస్త్రమును దేవతలు చేతులతో పట్టియుందురు. పురుటికై సముద్రములు దాటిపోయిన తల్లికి ఈ శిల్పమును ఇంకొకరు వ్యాఖ్యానింపనక్కరలేదు. మరియొక సంగతి: అమరావతి శాసనములలో దాతలుగా స్త్రీల పేర్లు అనేకము కలవు. భిక్షుణులును, గృహిణులును తమ ధనముతో ఆ చైత్యమునకు శిలలు చేయించిరి. వారి ధర్మముచే వెలసినది చూచుటకు వారి దేశపు ఆడుబిడ్డ మొగమాటపడనేల? ఆ శిలలు అచ్చట నుండదగునా, మన దేశమునకు రాదగునా యను ప్రశ్న వేరు. ఆ ప్రశ్న నడుగుటకైనను ముందు వానిని కన్నులార చూడవలెను గదా!

ఇచ్చట ఒక పోలిక చెప్పదగును. మన కొల్లూరు గనులలో దొరకినదని ప్రసిద్ధి వహించిన కోహినూరు వజ్రము లండను టవరులో నున్నది. దానిని చూచుటకు టిక్కెట్టు కొనవలెను. అమరావతి శిలలను చూచుటకు కాసైన నక్కరలేదు. ఏది యెక్కువ విలువగలదో రెండును చూచినవారే తీర్మానించుకొందురుగాక.

ట్రఫాల్గరు స్క్వేరులోని నేషనల్ గ్యాలరీ 1824లో 38 చిత్రములతో ఆరంభమైనది. వాన్ గో 1888లో చిత్రించిన పొద్దుతిరుగుడు పూలు అందున్నవి. దక్షిణ కెన్సింగ్టనులో విక్టోరియా అండ్ ఆల్బర్టు మ్యూజియము, ప్రకృతిశాస్త్ర మ్యూజియము, విజ్ఞానశాస్త్ర మ్యూజియము ఇరుగుపొరుగున నున్నవి. ఇవి కొంతకాలము రుసుము పుచ్చుకొన్నను, 2001 డిసెంబరునుండి ఉచితమైనవి. మనుమలను వెంటబెట్టుకొని పోవుటకు కడపటి రెండును మిక్కిలి అనువైనవి.

ఉచితమనుటలో డబ్బు మిగులుటకంటె గొప్ప లాభము వేరొకటి కలదు. టిక్కెట్టు కొన్నచోట, ఇచ్చిన సొమ్ము గిట్టవలెనని కాళ్లు పీకునంతవరకు తిరుగుదుము. తుదకు చూచినదేదియు మనసున నిలువదు. ఉచితమైనచోట ఒకదినమున ఒక్క గదియే చూచి, బల్లపై కూర్చుండి, మరల రావచ్చును. దీర్ఘకాలముండు వారికే ఈ భాగ్యము దక్కును.

ఎండకాచిన దినమున ఉద్యానవనములకు పోవలెను. హైడు పార్కు విస్తీర్ణము సుమారు 350 యెకరములు. సెయింటు జేమ్సు పార్కు చెరువులో గూడబాతులు నివసించును; 1664లో రష్యా రాయబారి కానుకగా నిచ్చినది మొదలు ఆ పక్షులచ్చట ఉండుట ఆచారమైనది. వానచినుకులు పడు దినమున పేటలోని గ్రంథాలయము మంచి ఆశ్రయము.

కొన్ని జాగ్రత్తలు గలవు. ప్రత్యేక ప్రదర్శనములకు రుసుముండును. ద్వారమువద్ద చందాపెట్టె యుండును. అందు వేయుట మన యిష్టము. కొన్ని చోట్లకు ఉచితపు చీటియైనను ముందుగా తీసికొనుట మేలు. బిడ్డలు ఫోనులో తీసిపెట్టగలరు. బస్సులలో 2014నుండి నాణెములు చెల్లవు, కార్డు ఉండవలెను. మొదటి బస్సెక్కిన గంటలోపల మరియొక బస్సెక్కినను వేరుగా రుసుము పడదు. ఇంటి చిరునామాయు, ఫోను నంబరును వ్రాసిన కాగితము చేతిసంచిలో నుండవలెను. డిసెంబరులో నాలుగు గంటలకే చీకటిపడును గనుక ప్రొద్దుండగనే తిరుగుముఖము పట్టవలెను. మొదటి రెండు మారులు బిడ్డలు తోడువచ్చి దారి చూపినచో, మూడవమారు తల్లి ఒంటరిగా పోగలదు.

బిడ్డలును ఒక సంగతి గమనింపవలెను. తల్లికి కావలసినది ఖరీదైన విందులును, విహారయాత్రలును గావు. బస్సు కార్డొకటి, వెచ్చని కోటొకటి, "పోయి రమ్మా, నీవు పోగలవు" అను ఒక్క మాట. తన కాళ్లపై నడచి, తన కన్నులతో చూచి వచ్చిన తల్లి, సాయంకాలము పిల్లలు వచ్చువేళకు వారికి చెప్పుటకు కబుర్లు దాచుకొనియుండును. ఆ ఇంటికి అంతకన్న వేరు వేడుక యేల?