వాలును నిలబెట్టే పీట

మేకు లేదు, బందు లేదు, జిగురు లేదు. బొటనవేలంత మందం ఉన్న ఒకే ఒక్క చెక్క. చేత్తో విప్పితే కత్తెరలా తెరుచుకుని నేలమీద నిలబడుతుంది, పుస్తకాన్ని వాలుగా పట్టుకుంటుంది. అదే వ్యాసపీఠం. కృష్ణా డెల్టాలో పురాణ కాలక్షేపం జరిగే గుళ్లలో, నిత్య పారాయణం చేసే పెద్దల ఇళ్లలో ఇది ఇప్పటికీ కనిపిస్తుంది. మసీదులో ఖురాన్ నేర్చుకునే పిల్లల ముందుండే రెహల్‌ది కూడా ఇదే పనితనం. బెజవాడ బీసెంట్ రోడ్డులో ఈరోజు అమ్ముతున్న ట్యాబ్ స్టాండ్‌కు మన నేలమీద ఉన్న పెద్దన్న ఇదేనని నా నమ్మకం.

దీని తయారీ చూడదగ్గది. వడ్రంగి ముందుగా చెక్క నడుమ అడ్డంగా ఒక పట్టీ గీసుకుంటాడు. ఆ పట్టీని కొన్ని సమాన భాగాలు చేసి, ఒకటి విడిచి ఒకటి ఇటువైపు నుంచి, మిగిలినవి అటువైపు నుంచి ఉలితో గుండ్రంగా తీస్తాడు. ఇవే పళ్లు. పళ్ల మధ్య సన్నగా కోస్తాడు. తర్వాత చెక్క మందాన్ని సగానికి చీలుస్తూ పై అంచు నుంచి ఒకసారి, కింది అంచు నుంచి ఒకసారి పళ్ల దాకా రంపం దింపుతాడు. ఇక నెమ్మదిగా లాగితే చెక్క రెండు రేకులుగా విచ్చుకుంటుంది, కానీ విడిపోదు. ఎంతవరకు తెరుచుకోవాలో పళ్ల వంపే నిర్ణయిస్తుంది. అక్కడికి వచ్చాక చెక్కకు చెక్కే అడ్డం. పైన బరువు పెట్టేకొద్దీ ఆ కోణంలోనే ఇంకా బిగుసుకుంటుంది. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి ఇందుకు పనికిరాదు. అది తేలిక, మెత్తన. బొమ్మకు అది వరమే గానీ, ఈ పళ్లకు టేకు లాంటి గట్టి కర్ర కావాలి.

వ్యాసపీఠానికి ఉన్నది ఒకే కోణం, ఒకే ఎత్తు. అయినా తరతరాలు సరిపోయింది, ఎందుకంటే చదివేవారు కూర్చునే తీరు కూడా ఒక్కటే. చాప మీద బాసింపట్టు, ఎదురుగా పీఠం. ముందు మనిషి కూర్చున్న తీరు చూసి, ఆ తర్వాత పీఠాన్ని చెక్కారు. స్టాండ్ కొనేవారు మొదట గుర్తుంచుకోవలసింది ఇదే. ట్యాబ్ ఎన్ని అంగుళాలు అని దుకాణదారు అడుగుతాడు. మీరు ఎక్కడ కూర్చుంటారని ఎవరూ అడగరు.

డెల్టాలో చదువు చాప దిగి చాలా చోట్లకు వెళ్లింది. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వెలిసింది. 1914 ఏప్రిల్ 10న తొలి ఆంధ్ర గ్రంథాలయ మహాసభ ఆ ఊళ్లోనే జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య లాంటివారి పూనికతో ఊరూరా పఠన మందిరాలు, వాటితో పాటు బల్లలూ బెంచీలూ వచ్చాయి. 1935లో పాతూరి నాగభూషణం కాలువ పడవ మీద గ్రంథాలయాన్ని నడిపి, ఒడ్డునున్న పల్లెలకు పుస్తకాలు అందించారు. అరుగు మీద, బెంచీ మీద, పడవలో, మంచం మీద చదవడం అలవాటైంది. ఒకే కోణం ఉన్న పీఠానికి ఇన్ని భంగిమలను మోసే శక్తి లేదు.

చదివే వాలు గురించిన తపన మన దగ్గరే కాదు. ఇటలీకి చెందిన అగోస్తీనో రామెల్లీ 1588లోనే తన యంత్రాల గ్రంథంలో ఒక పుస్తక చక్రం బొమ్మ వేశాడు. మనిషి నిలువెత్తు చక్రానికి చుట్టూ వాలు బల్లలు, ఒక్కో దాని మీద ఒక్కో పుస్తకం. చక్రం ఎంత తిరిగినా ఏ పుస్తకం వాలూ మారకుండా లోపల పళ్లచక్రాలు అమర్చాడు. అంత యంత్రాంగం అవసరం లేదు, జాతరలో రంగులరాట్నం తొట్టెల్లా బరువుకే వదిలేసినా బల్లలు నిటారుగా ఉంటాయి. అయినా చదివే వాలును కాపాడటానికి ఒక ఇంజినీరు అంత తాపత్రయపడటం నాకు గొప్పగా అనిపిస్తుంది.

ఇక ట్యాబ్ కాలానికి వద్దాం. 2010 ఏప్రిల్ 3న ఐప్యాడ్ అమ్మకానికి వచ్చింది. బరువు సుమారు 680 గ్రాములు. పుస్తకం అనుకుంటే పెద్ద బరువేం కాదు. కానీ పుస్తకాన్ని ఒళ్లో పడేసుకోవచ్చు, మధ్యలో మడవవచ్చు. గాజు పలకతో అలా కుదరదు. మరుసటి ఏడాదే కాలుగా మడుచుకునే మూత వచ్చింది. 2012లో మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ తన వీపులోనే కాలు దాచుకుని వచ్చింది, కానీ అది నిలబడేది ఒకే వాలులో, 22 డిగ్రీల దగ్గర. తర్వాతి ఏడాది 40 డిగ్రీల దగ్గర ఇంకో మెట్టు చేర్చారు. 2014లో సర్ఫేస్ ప్రో 3 వచ్చేసరికి ఎక్కడ ఆపితే అక్కడ ఆగే కీలు తయారైంది. ఒక్క వాలు నుంచి ఏ వాలుకైనా చేరడానికి వ్యాసపీఠం వంశానికి శతాబ్దాలు పడితే, ఈ యంత్రానికి రెండేళ్లు పట్టింది.

మన దగ్గర ఈ పలకలు ఒక్కసారిగా ఇళ్లలోకి వచ్చిన రోజు 2022 డిసెంబర్ 21. బాపట్ల జిల్లా యడ్లపల్లి ఉన్నత పాఠశాలలో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టారు. పిల్లలు, ఉపాధ్యాయులు కలిపి ఐదు లక్షల పైచిలుకు. ఇంటికి వెళ్లాక అవి ఎక్కడ ఆనుకున్నాయి? దిండుకు, పుస్తకాల సంచికి, బియ్యం డబ్బాకు. బోర్లా పడుకున్న పిల్లల మోచేతుల మధ్య.

ఇక్కడే మెడ సంగతి వస్తుంది. నిటారుగా ఉన్నప్పుడు పెద్దవారి తల బరువు నాలుగున్నర నుంచి ఐదున్నర కిలోలు. తల ముందుకు వంగితే ఆ బరువు మెడ ఎముకల మీద నుంచి పక్కకు జరుగుతుంది, దాన్ని వెనక్కి లాగి పట్టుకునే పని కండరాలది. అమెరికా వెన్నెముక శస్త్రవైద్యుడు కెన్నెత్ హన్స్‌రాజ్ 2014లో గణిత నమూనాతో లెక్కగట్టాడు. 15 డిగ్రీలు వంగితే మెడ మీద భారం 12 కిలోల దగ్గర, 30 డిగ్రీలకు 18, 60 డిగ్రీలకు 27. ఇది లెక్క మాత్రమే, మనుషుల్లో కొలిచింది కాదు. మనుషుల మీద చూసింది హార్వర్డ్ ప్రజారోగ్య పాఠశాల బృందం. 2012లో వారు ట్యాబ్‌ను ఒళ్లో, బల్ల మీద రకరకాల వాలుల్లో పెట్టించి మెడ వంపు కొలిచారు. మెడ సహజ స్థితికి దగ్గరగా వచ్చింది ఒక్క సందర్భంలోనే: పలకను బల్ల మీద బాగా నిటారుగా నిలబెట్టినప్పుడు.

మరి నేలమీద కూర్చునేవారి మాట? లెక్క చాలా సులువు. కూర్చున్న పెద్దవారి కన్ను కూర్చున్న చోటు నుంచి సుమారు 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కుర్చీ 45 సెంటీమీటర్లు, బల్ల 75 అనుకుంటే, బల్ల మీద నుంచి కంటి ఎత్తు 40. మార్కెట్లో దొరికే స్టాండ్లు ఈ 40ని చూసి తయారైనవే. అదే స్టాండ్‌ను నేలమీద పెట్టి చాప మీద కూర్చుంటే కంటికీ నేలకూ 70 సెంటీమీటర్ల తేడా. స్టాండ్ ఎంత మంచిదైనా 30 సెంటీమీటర్లు లోతుకు పోయినట్టే. దీనికి ఖరీదైన పరిష్కారం అక్కర్లేదు. ఒక అడుగు ఎత్తున్న చిన్న రాతబల్ల మీద ఆ స్టాండ్ పెడితే 70లో 30 పోయి మళ్లీ 40 మిగులుతుంది. ఇంట్లో అలాంటి బల్ల ఉన్నవారు పొడవైన స్టాండ్ వెతుక్కోనవసరం లేదు.

రాసే పనికి మాత్రం ఈ నిటారుతనం చేటు. నిలబెట్టిన పలక మీద పెన్నుతో లెక్కలు చేస్తే చెయ్యి గాలిలో తేలి, పది నిమిషాల్లో భుజం లాగుతుంది. పాత గుమాస్తాల ఏటవాలు పెట్టెలు ఊరికే పుట్టలేదు. రాతకు 15 నుంచి 30 డిగ్రీల వాలు, చూడటానికి అంతకు రెట్టింపు పైన. రెండూ కావాలంటేనే సర్దుకునే స్టాండ్ కొనాలి. పాఠాలు వినడం తప్ప మరో పని లేకపోతే ఒక్క వాలు చెక్క స్టాండ్ చాలు. నా వరకు అదే మన్నికైన వస్తువు.

సర్దుకునే స్టాండ్‌లో ప్రాణమంతా కీలులో ఉంటుంది. ఒకదాన్ని విప్పి చూస్తే లోపల చుట్ట స్ప్రింగు గానీ గొళ్లెం గానీ ఉండదు. బోల్టుకు గుచ్చిన వాషర్లు, కొన్నింటిలో గిన్నెలా వంగిన ఉక్కు వాషరు ఒకటి, చివర బిగింపు. బోల్టు బిగించేకొద్దీ వాషర్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, ఆ రాపిడే పలకను ఆపుతుంది. రాపిడి తాకే వైశాల్యాన్ని బట్టి కాక నొక్కే బలాన్ని బట్టి ఉంటుందని ఫ్రాన్స్‌కు చెందిన గిలామ్ ఆమొంతోన్ 1699లో చెప్పాడు. అందుకే వాషరు చుట్టూ వెడల్పు పెంచకుండా వాషర్ల సంఖ్య పెంచుతారు. ఒక్కో జత కొత్త రాపిడి ముఖాన్ని తెస్తుంది. అరకిలో పలక కింది కీలుకు 12 సెంటీమీటర్లు ముందుకు వచ్చి ఉందనుకుందాం. కీలు మోయవలసిన తిప్పుడు బలం 6 కిలో-సెంటీమీటర్లు. పలక పై అంచున వేలు 100 గ్రాముల బలంతో తాకి, అది కీలుకు 24 సెంటీమీటర్ల దూరమైతే, మరో 2.4. పడిపోకుండా నిలబడే స్టాండ్ కూడా తాకగానే ఊగడానికి కారణం ఈ రెండో అంకె.

అందుకే దుకాణంలో చేయవలసిన పరీక్ష ఒకటే. మీ ట్యాబ్ పెట్టి, పై మూలను బొటనవేలితో నొక్కండి. కీలు జారకూడదు, అడుగుపీట లేవకూడదు. పలక బరువు కేంద్రం అడుగుపీట హద్దులోనే పడాలి, అందుకే తేలికైన ప్లాస్టిక్ కంటే అడుగున ఇనుప పలక ఉన్నవి నయం. మంచానికి బిగించుకుని పడుకుని చూసే పొడవాటి మెడ స్టాండ్లు ఇక్కడే ఓడిపోతాయి. చెయ్యి పొడవు పెరిగేకొద్దీ తిప్పుడు బలం పెరుగుతుంది, తాకిన ప్రతిసారీ పలక నాట్యం చేస్తుంది. అలాంటి చేతిని గట్టిగా నిలిపే మార్గం బాత్ నగరానికి చెందిన మోటారు సస్పెన్షన్ ఇంజినీరు జార్జ్ కార్వర్డైన్ 1932లోనే కనిపెట్టాడు. చెయ్యి ఏ కోణంలో ఉన్నా బరువుకు సరిగ్గా ఎదురు లాగే స్ప్రింగుల అమరిక అది. బల్లదీపాలతో మొదలైంది. అది ఉన్న స్టాండ్ ఖరీదు, లేనిది సినిమా చూడటానికే పనికొస్తుంది.

కొన్నాక కీలు వదులైతే అలెన్ కీతో పావు చుట్టు బిగిస్తే చాలు. కిర్రుమంటోందని మాత్రం నూనె వేయకండి. ఆ కీలు బతికేదే రాపిడి మీద, నూనె పడ్డాక పలక మెల్లగా తల వాల్చేస్తుంది. మచిలీపట్నం, అవనిగడ్డ వైపు ఉప్పుగాలికి ఇనుప మరలు తుప్పుపడతాయి, స్టీలు మరలున్నవి చూసి తీసుకోవాలి. ఇక ఎండ. యాపిల్ తన పరికరాలు వాడటానికి చెప్పే పరిసర వేడి 35 డిగ్రీల లోపే, అది దాటితే బ్యాటరీ సత్తువ శాశ్వతంగా తగ్గవచ్చని అంటుంది. మే నెలలో బెజవాడ 40 దాటుతుంది. వీపంతా కప్పే స్టాండ్ కంటే వెనక గాలి ఆడేది మేలు, ఛార్జింగ్ పెట్టి వాడేటప్పుడు మరీను.

ఒక్క వర్గానికి మాత్రం పైన చెప్పిన ఎత్తు సలహా తలకిందులు. అమెరికాలోని పిల్లలతో రాత్రిపూట వీడియో కాల్ మాట్లాడే మన పెద్దలకు చాలామందికి దగ్గర చూపు అద్దం కళ్లజోడు అడుగున ఉంటుంది. స్టాండ్ ఎత్తుగా పెడితే ఆ అడుగు అద్దంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తి మెడను వెనక్కి విరుచుకుంటారు, అది ముందుకు వంగడం కంటే బాధ. వారి కోసం పలకను కాస్త కిందికి దించి, పై అంచును వెనక్కి వాల్చండి. వారు గడ్డం ఎత్తకుండా అక్షరాలు చదవగలిగిన చోట కీలు బిగించండి.