ఆవశ్యక కొవ్వు ఆమ్లాలు - కేశ ఆరోగ్యం

ఆవశ్యక కొవ్వు ఆమ్లాలు అనగా శరీరం స్వయంగా తయారు చేసుకోలేని, ఆహారం ద్వారానే పొందవలసిన కొవ్వు ఆమ్లాలు. లినోలియిక్ ఆమ్లం (ఒమేగా-6), ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం (ఒమేగా-3) వీటిలో ముఖ్యమైనవి. 1929లో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు కొవ్వు లేని ఆహారం తిన్న ఎలుకలలో చర్మం పొలుసుబారడం, వెంట్రుకలు రాలడం గమనించారు. చర్మంలో తేమను నిలిపే పొర ఏర్పడటానికి లినోలియిక్ ఆమ్లం అవసరం. ఇది లోపించినచో మనుషులలోను చర్మం పొడిబారి, జుట్టు రాలుతుంది. కుసుమ, నువ్వుల నూనెలలో లినోలియిక్ ఆమ్లం, అవిసె గింజలలో ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం అధికంగా లభిస్తాయి. కొబ్బరినూనెలో ఇవి స్వల్పం. అయితే సాధారణ భోజనం చేసేవారిలో ఈ లోపం అరుదు. వంశపారంపర్యం, ఇనుము లోపం, థైరాయిడ్ వ్యాధుల వలన రాలే జుట్టుకు ఈ నూనెలు చికిత్స కావు. అసలు కారణాన్ని వైద్యులు నిర్ధారించవలసి ఉంటుంది.