వయాగ్రా వేసుకుంటే కొందరికి లోకం నీలంగా ఎందుకు కనిపిస్తుంది?

అంగస్తంభన సమస్యకు వాడే సిల్డెనాఫిల్ మాత్ర వేసుకున్న గంటకు కొందరికి ఎదురుగా ఉన్న గోడకు లేత నీలిరంగు పూసినట్లు కనిపిస్తుంది. దీపపు వెలుగు కళ్లలో గుచ్చుకుంటుంది. చూపు కాస్త మసకబారుతుంది. చాలామందికి కొన్ని గంటల్లోనే ఇదంతా సర్దుకుంటుంది. అయితే అందరి విషయంలోనూ అలా జరగదు. ఆ తేడా ఎందుకో అర్థం కావాలంటే ఈ మందు కంటిలో ఏం చేస్తుందో తెలుసుకోవాలి.

గుండె కోసం మొదలైన మందు

సిల్డెనాఫిల్‌ను ఫైజర్ సంస్థ ఇంగ్లండ్‌లోని శాండ్‌విచ్ పరిశోధన కేంద్రంలో తొలుత గుండెనొప్పి చికిత్స కోసం పరీక్షించింది. అంగస్తంభనపై దాని ప్రభావం ఆ క్రమంలోనే బయటపడింది. 1998 మార్చి 27న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందును వయాగ్రా పేరుతో ఆమోదించింది.

రక్తనాళాల గోడల్లోని కండరాలను సడలించే సంకేతాన్ని సైక్లిక్ జీఎంపీ అనే అణువు మోసుకెళ్తుంది. పని ముగిశాక పీడీఈ-5 అనే ఎంజైమ్ ఆ అణువును విడగొడుతుంది. సిల్డెనాఫిల్ ఈ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. ఫలితంగా సడలింపు ఎక్కువసేపు నిలిచి రక్తప్రసరణ పెరుగుతుంది.

రెటీనాలోని దగ్గరి చుట్టం

కాంతిని గ్రహించే రెటీనా కణాల్లో పీడీఈ-5కు దగ్గరి చుట్టమైన పీడీఈ-6 ఉంటుంది. చీకటిలో ఈ కణాల నిండా సైక్లిక్ జీఎంపీ ఉండి, కణపు పొరలోని సూక్ష్మ ద్వారాలను తెరిచి ఉంచుతుంది. కాంతి పడగానే పీడీఈ-6 చురుకుగా మారి దాన్ని విడగొడుతుంది. ద్వారాలు మూసుకుంటాయి. కణంలో కలిగే ఆ విద్యుత్ మార్పే చూపుకు తొలి మెట్టు.

పీడీఈ-6తో పోలిస్తే పీడీఈ-5పై సిల్డెనాఫిల్ సుమారు 10 రెట్లు బలంగా పనిచేస్తుంది. రెటీనాకు ఉన్న రక్షణ ఈ తేడాయే. మోతాదు పెరిగేకొద్దీ ఆ రక్షణ తగ్గుతుంది. వైద్యుల సలహాపై సాధారణ మోతాదు వాడినవారిలో దాదాపు 3 శాతం మందికి చూపులో తేడా కనిపించగా, 100 మిల్లీగ్రాముల వద్ద అది 11 శాతానికి చేరింది. అనుమతించిన గరిష్ఠ మోతాదుకు రెట్టింపైన 200 మిల్లీగ్రాముల వద్ద సుమారు సగం మందిలో కనిపించింది.

రెటీనా విద్యుత్ స్పందనను కొలిచే ఈఆర్‌జీ పరీక్షల్లోనూ స్వల్ప మార్పులు నమోదయ్యాయి. వర్ణ పరీక్షల్లో నీలం, ఆకుపచ్చ రంగుల తేడాను గుర్తించడం కొంత కష్టమైంది. మందు రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరే సమయంలోనే ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. దాదాపు 4 గంటలకొకసారి రక్తంలో మందు సగానికి తగ్గుతుంది కాబట్టి చూపు కూడా క్రమంగా మామూలవుతుంది.

త్వరగా సర్దుకోని సందర్భాలు

తుర్కియేలోని ఒక ఆసుపత్రికి చూపు సమస్యలతో వచ్చిన 17 మంది పురుషుల వివరాలు 2020లో వెలువడ్డాయి. అందరూ తొలిసారిగా, వైద్యుడి చీటీ లేకుండా, ఒకేసారి 100 మిల్లీగ్రాములు వేసుకున్నవారే. మసక, నీలిఛాయ, వెలుగును భరించలేకపోవడం వంటి లక్షణాలు 24 గంటలు దాటినా తగ్గలేదు. మూడు వారాల్లో అందరూ కోలుకున్నారు.

2018లో న్యూయార్క్ వైద్యులు నివేదించిన కేసు ఇంకా తీవ్రమైనది. 31 ఏళ్ల వ్యక్తి ఇంటర్నెట్‌లో కొన్న ద్రవరూప సిల్డెనాఫిల్‌ను కొలవకుండా తాగాడు. అతడి చూపుకు ఎర్రని ఛాయ కమ్మింది. ఏడాది దాటినా అది పోలేదు. పరీక్షల్లో రెటీనా కోన్ కణాలు దెబ్బతిన్నట్లు తేలింది.

తెలియకుండా మోసే లోపం

రేచీకటితో మొదలై క్రమంగా చూపును హరించే రెటినైటిస్ పిగ్మెంటోసాలో కొన్ని రకాలకు పీడీఈ-6 జన్యువులోని లోపమే కారణం. ఈ జబ్బు ఉన్నవారు సిల్డెనాఫిల్ విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే లోపాన్ని పొందినవారికి సాధారణంగా జబ్బు రాదు. తాము వాహకులమన్న సంగతి కూడా వారికి తెలియకపోవచ్చు.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ఇలాంటి వాహక ఎలుకలకు ఒకే మోతాదు సిల్డెనాఫిల్ ఇచ్చి చూశారు. మామూలు ఎలుకల రెటీనా రెండు రోజుల్లో కోలుకోగా, వాహక ఎలుకలకు రెండు వారాలు పట్టింది. ఎలుకల్లో తేలిన ఫలితం మనుషులకు యథాతథంగా వర్తించదు. కానీ కుటుంబ చరిత్రను వైద్యుడికి ఎందుకు చెప్పాలో అది స్పష్టం చేస్తోంది. మేనరికాలు ఎక్కువగా ఉన్న తెలుగు కుటుంబాల్లో ఈ ప్రశ్నకు ప్రాధాన్యం మరింత ఎక్కువ.

ఏం గుర్తుంచుకోవాలి?

భారత్‌లో సిల్డెనాఫిల్ షెడ్యూల్-హెచ్ ఔషధం. వైద్యుడి చీటీ లేకుండా దాన్ని అమ్మకూడదు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వాడేవారు దీన్ని వేసుకుంటే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. చూపులో తేడా ఉన్నంతసేపు వాహనం నడపకూడదు. ఒక కంటి చూపు హఠాత్తుగా తగ్గితే దాన్ని నీలిఛాయలా తేలిగ్గా తీసుకోరాదు. అది దృష్టినాడికి రక్తం అందకపోవడం వల్ల కావచ్చు. ఈ మందుకూ ఆ స్థితికీ కార్యకారణ సంబంధం రుజువు కాకపోయినా, 2005లోనే ఎఫ్‌డీఏ ఆ హెచ్చరికను మందు సమాచారంలో చేర్చింది. అలాంటప్పుడు మందు ఆపి, వెంటనే కంటి వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

బిడియంతో మందుల దుకాణంలో గుసగుసగా అడిగి కొన్న మాత్ర గురించి కంటి వైద్యుడికి చెప్పడానికీ చాలామంది వెనకాడతారు. మసకకు కారణం తెలియక ఆయన మరో జబ్బు కోసం వెతకవచ్చు. ఏ మాత్ర, ఎంత మోతాదు, ఎప్పుడు వేసుకున్నారు అన్న మూడు వివరాలు చెబితే వైద్యుడి పని సులువవుతుంది.