అమెరికా లేట్‌నైట్ టాక్ షో వ్యాఖ్యాతల స్పర్ధ, స్నేహం: పోషణవ్యవస్థ దృష్టితో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

అమెరికా టెలివిజన్‌లో రాత్రి పదకొండున్నర ప్రాంతంలో మొదలయ్యే టాక్ షోలకు ఏడు దశాబ్దాల చరిత్ర ఉంది. ఆ చరిత్ర ఎక్కువగా వ్యాఖ్యాతల కలహాల కథగానే ప్రచారం పొందింది. ఎవరు ఎవరిని మోసగించారు, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు అన్న ప్రశ్నల చుట్టూనే చర్చ తిరిగింది. ఈ వ్యాసం ఆ స్పర్ధలను, స్నేహాలను వ్యక్తుల స్వభావం నుంచి కాక వారిని నిలబెట్టిన పోషణవ్యవస్థ నుంచి పరిశీలిస్తుంది. వారసత్వంగా దక్కవలసిన ఆసనం ఒక్కటే అయినప్పుడు మిత్రులు ప్రత్యర్థులయ్యారని, ఆ ఆసనం విలువ తగ్గి అందరి మనుగడా ప్రశ్నార్థకమైనప్పుడు ప్రత్యర్థులు మిత్రులయ్యారని ప్రతిపాదిస్తుంది. ఆ స్నేహానికి ఉన్న హద్దులను కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: లేట్‌నైట్ టాక్ షో, మోనోలాగ్, పోషణ, వారసత్వం, స్పర్ధ, రచయితల సమ్మె

1. ఉపోద్ఘాతం

లేట్‌నైట్ టాక్ షో స్థిరమైన చట్రం గల ప్రక్రియ. వ్యాఖ్యాత తెర ముందుకు వచ్చి ఆనాటి వార్తలపై మోనోలాగ్ అని పిలిచే హాస్యప్రసంగం చేస్తారు. తరువాత బల్ల వెనుక కూర్చొని అతిథులతో ముచ్చటిస్తారు. పక్కన వాద్యబృందం, ఎదుట ప్రేక్షకులు ఉంటారు. ఎన్.బి.సి. నెట్‌వర్క్‌లో 1954 సెప్టెంబరు 27న స్టీవ్ అలెన్ వ్యాఖ్యాతగా మొదలైన 'ద టునైట్ షో' ఈ చట్రానికి పునాది వేసింది. ఆయన తరువాత వచ్చిన జాక్ పార్, ముప్పై ఏళ్ల పాటు కొనసాగిన జానీ కార్సన్ దానిని స్థిరపరిచారు.

కళాకారుల స్పర్ధ తెలుగు సాహిత్య విద్యార్థికి కొత్త విషయం కాదు. శ్రీనాథుడు ప్రౌఢదేవరాయల సభలో గౌడ డిండిమభట్టును ఓడించి ఆయన కంచుఢక్కను పగులగొట్టించాడన్న ప్రసిద్ధి ఉంది. తిరుపతి వేంకట కవులకు, కొప్పరపు సోదరకవులకు మధ్య సాగిన వివాదం మన అవధాన చరిత్రలో భాగం. ఈ ఘట్టాలను కవుల అహంకారానికి మాత్రమే ఆపాదించి ఊరుకోలేం. సభలు, సన్మానాలు, రాజులూ జమీందారులూ ఇచ్చే ఆదరణ పరిమితమైనవి కావడాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ రెండు సంప్రదాయాలూ ఒకటేనని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. పోషణను ముందు చూసి, స్వభావాన్ని తరువాత చూసే పద్ధతిని మాత్రమే ఇక్కడ అన్వయించడం జరిగింది.

2. ఆసనం ఒక్కటే: కార్సన్, రివర్స్

కార్సన్ 1962 అక్టోబరు 1 నుంచి 1992 మే 22 వరకు టునైట్ షో వ్యాఖ్యాతగా ఉన్నారు. దేశం మొత్తానికి మూడు ప్రధాన నెట్‌వర్క్‌లే ఉన్న కాలంలో ఆయన ఆదరణకు సాటి లేకపోయింది. ఏ.బి.సి. నుంచి జోయ్ బిషప్, డిక్ కావెట్, సి.బి.ఎస్. నుంచి మెర్వ్ గ్రిఫిన్ పోటీకి దిగినా ఆయనను కదిలించలేకపోయారు. కొత్త హాస్యకారుడు కార్సన్ ముందు ప్రదర్శన ఇచ్చిన తరువాత ఆయన తన పక్కనున్న సోఫా వద్దకు పిలిస్తే, ఆ పిలుపే ఒక జీవితానికి దారి చూపేది. కవిని సభలో నిలబెట్టే అధికారం వంటిది ఆయన చేతిలో ఉండేది.

ఇక్కడ గమనించవలసిన భేదం ఒకటుంది. గతంలో కార్సన్‌కు హాస్యం రాసిన కావెట్ తరువాత ప్రత్యర్థి నెట్‌వర్క్‌లో అదే సమయానికి కార్యక్రమం నిర్వహించారు. అయినా వారి మైత్రి చెడలేదు. జోన్ రివర్స్ విషయంలో మాత్రం అలా జరగలేదు. 1965లో కార్సన్ కార్యక్రమంలోనే గుర్తింపు పొందిన రివర్స్ 1983 నుంచి ఆయన సెలవులో ఉన్నప్పుడు ఆ స్థానంలో కూర్చొనే శాశ్వత అతిథి వ్యాఖ్యాతగా ఉన్నారు. 1986లో కొత్తగా ఏర్పడిన ఫాక్స్ నెట్‌వర్క్ ఆమెకు సొంత కార్యక్రమం ఇచ్చింది. ఆ సంగతి తనకు ముందుగా చెప్పలేదన్న కోపంతో కార్సన్ ఆమెతో జీవితాంతం మాట్లాడలేదు. 1986 అక్టోబరు 9న మొదలైన ఆ కార్యక్రమం నుంచి మరుసటి ఏడాది మే నెలలోనే ఆమెను తొలగించారు. కార్సన్ మరణించిన తొమ్మిదేళ్లకు, 2014లో జిమ్మీ ఫాలన్ వ్యాఖ్యాత అయిన తరువాతనే ఆమె మళ్లీ టునైట్ షో వేదికపై కనిపించారు. అదే ఏడాది సెప్టెంబరులో మరణించారు.

కావెట్, రివర్స్ ఇద్దరూ పోటీదారులే. పోటీయే శత్రుత్వానికి కారణమైతే ఇద్దరి పట్లా కార్సన్ ఒకేలా ప్రవర్తించి ఉండాలి. కావెట్ బయటి నుంచి వచ్చిన పోటీదారు. రివర్స్ అదే ఆసనంలో కూర్చొని లేచి వెళ్లిన వ్యక్తి. ఆమె నిష్క్రమణను కార్సన్ పోటీగా కాక ద్రోహంగా చూశారు. అంటే శత్రుత్వం పోటీ దగ్గర కాక వారసత్వం దగ్గర పుట్టిందని భావించవచ్చు.

3. మిత్రులు ప్రత్యర్థులైన క్రమం: లెనో, లెటర్‌మన్

జే లెనో, డేవిడ్ లెటర్‌మన్ 1970లలో లాస్ ఏంజిల్స్‌లోని 'కామెడీ స్టోర్' క్లబ్బులో పక్కపక్కనే ఎదిగినవారు. అక్కడ ప్రదర్శన ఇచ్చే హాస్యకారుల్లో చాలామందికి పారితోషికం ఉండేది కాదు. 1979లో వారు సమ్మె చేసినప్పుడు లెనో, లెటర్‌మన్ ఇద్దరూ సమ్మె పక్షాన నిలిచారు. 1982 ఫిబ్రవరి 1న ఎన్.బి.సి.లో టునైట్ షో ముగిసిన వెంటనే వచ్చే సమయంలో లెటర్‌మన్ 'లేట్ నైట్' కార్యక్రమం మొదలైంది. లెనో అందులో తరచుగా పాల్గొన్న అతిథి. లెటర్‌మన్ అడిగే ప్రశ్నలకు లెనో చిరాకు నటిస్తూ ఇచ్చే జవాబులే ఆయనకు దేశవ్యాప్త గుర్తింపు తెచ్చాయి.

1991లో కార్సన్ తన విరమణ ప్రకటించారు. ఆయన తరువాతి సమయంలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న లెటర్‌మన్ ఆ స్థానం తనదేనని ఆశించారు. 1987 నుంచి కార్సన్‌కు బదులు కూర్చుంటున్న లెనోను ఎన్.బి.సి. ఎంచుకుంది. ఒకరికి సేవాకాలం, మరొకరికి ఆ ఆసనంపై అనుభవం ఉన్నాయి. ఇద్దరి ఆశలనూ పెంచినది ఒకే సంస్థ. 1993 ఆగస్టు 30న లెటర్‌మన్ సి.బి.ఎస్.లో 'లేట్ షో' ప్రారంభించారు. మొదటి రెండేళ్లు రేటింగులలో ఆయనే ముందున్నారు. 1995 జులైలో అప్పటికి వివాదంలో ఉన్న నటుడు హ్యూ గ్రాంట్ లెనో కార్యక్రమానికి వచ్చిన రాత్రి నుంచి పరిస్థితి మారింది. తరువాత లెనోయే ఎక్కువ కాలం ముందున్నారు.

ఈ స్పర్ధ అతిథుల విషయంలో మరింత తీవ్రంగా కనిపించింది. టాక్ షోకు అతిథే ముడిసరుకు. లెనో మేనేజరు, కార్యక్రమ నిర్మాత అయిన హెలెన్ కుష్నిక్ ఇతర కార్యక్రమాలకు వెళ్లే అతిథులను తమ వేదికకు దూరం పెట్టే విధానాన్ని అనుసరించారు. దీనితో ఆర్సీనియో హాల్ 1992లో లెనోకు బహిరంగంగా సవాలు విసిరారు. అదే ఏడాది సెప్టెంబరులో ఎన్.బి.సి. కుష్నిక్‌ను తొలగించింది. ఇక్కడ కలహం వ్యాఖ్యాతల పేర్లతో జరిగినా దాని వస్తువు అతిథుల లభ్యతే.

4. వాగ్దానం, భంగం: 2010 ఘటన

1992 నాటి చేదు అనుభవం పునరావృతం కాకూడదని ఎన్.బి.సి. 2004లోనే, ఐదేళ్ల ముందుగా, టునైట్ షో 2009లో కోనన్ ఒబ్రయన్‌కు దక్కుతుందని ప్రకటించింది. ఒబ్రయన్ 2009 జూన్ 1న బాధ్యత స్వీకరించారు. లెనోను వదులుకోవడం ఇష్టం లేని సంస్థ ఆయనకు రాత్రి పది గంటలకు రోజూ వచ్చే కార్యక్రమం ఇచ్చింది. ఖర్చుతో కూడిన నాటకధారావాహికల కంటే అది చౌక. అయితే దానికి తగినంత ఆదరణ లభించలేదు. ఫలితంగా పదకొండు గంటలకు వచ్చే స్థానిక స్టేషన్ల వార్తలను చూసేవారు తగ్గారు. ఆ స్టేషన్లు ఒత్తిడి తేవడంతో లెనోను 11:35కు, టునైట్ షోను అర్ధరాత్రి దాటాక 12:05కు మార్చాలని ఎన్.బి.సి. తలపెట్టింది.

2010 జనవరి 12న విడుదల చేసిన ప్రకటనలో ఒబ్రయన్ ఈ మార్పుకు అంగీకరించలేదు. టునైట్ షో మరుసటి రోజుకు జరిగితే అది టునైట్ షోగా మిగలదన్నది ఆయన వాదన. జనవరి 22న ఆయన చివరి కార్యక్రమం ప్రసారమైంది. ఆయనకు, సిబ్బందికి కలిపి సుమారు 4.5 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించినట్లు వార్తలు వచ్చాయి. మార్చి 1న లెనో మళ్లీ అదే ఆసనంలోకి వచ్చారు. ప్రేక్షకుల ఆగ్రహం ఎక్కువగా లెనోపైకి మళ్లింది. నిర్ణయానికి మూలమైన స్టేషన్ల వార్తల సమస్య, ఒకే ఆసనాన్ని ఇద్దరికి మాట ఇచ్చిన సంస్థ వైఖరి చర్చలో వెనక్కు వెళ్లాయి. పాత్రికేయుడు బిల్ కార్టర్ ఈ రెండు ఘట్టాలపై 1994లో 'ది లేట్ షిఫ్ట్', 2010లో 'ది వార్ ఫర్ లేట్ నైట్' అనే గ్రంథాలు రాశారు. రెండవ గ్రంథం పేరులోనే యుద్ధ పరిభాష ఉండటం ఈ ప్రక్రియను లోకం ఎలా అర్థం చేసుకున్నదో సూచిస్తుంది.

5. స్పర్ధ ఇతివృత్తంగా మారడం

మోనోలాగ్‌కు ప్రతిరాత్రీ కొత్త వస్తువు కావాలి. అందువల్ల తెరవెనుక స్పర్ధ తెరపై ఇతివృత్తమైంది. లెటర్‌మన్ సి.బి.ఎస్.కు వెళ్లేటప్పుడు 'టాప్ టెన్' జాబితా వంటి అంశాలు తన మేధాసంపత్తి అని ఎన్.బి.సి. వాదించింది. ఆయన మొదటి కార్యక్రమంలోనే ఎన్.బి.సి. వార్తావ్యాఖ్యాత టామ్ బ్రోకా వేదికపైకి వచ్చి, హాస్యోక్తులు రాసిన అట్టలను ఎన్.బి.సి. ఆస్తి అంటూ తీసుకుపోయారు. 2010 జనవరిలో జిమ్మీ కిమ్మెల్ తన కార్యక్రమం మొత్తాన్ని లెనో వేషంలో నిర్వహించారు. ఆ ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ప్రసారంలో లెటర్‌మన్, ఓప్రా విన్‌ఫ్రే, లెనో ఒకే సోఫాపై కూర్చున్న వాణిజ్యప్రకటన వచ్చింది. రచయితల సమ్మె సాగుతున్న 2008 ఫిబ్రవరిలో ఒబ్రయన్, స్టీఫెన్ కోల్‌బేర్, జాన్ స్టీవర్ట్ మూడు కార్యక్రమాల మీదుగా నటించిన కలహం మరో ఉదాహరణ. రచయితలు లేని రోజుల్లో కలహమే కార్యక్రమాన్ని నింపింది. కాబట్టి తెరపై కనిపించే ప్రతి వైరాన్నీ జీవితచరిత్రకు ఆధారంగా తీసుకోవడం సరికాదు.

దీనికి భిన్నంగా, నిజమైన స్నేహం కొన్నిసార్లు తెరపై కనిపించకుండా సాగింది. విరమణ తరువాత కార్సన్ అప్పుడప్పుడు లెటర్‌మన్‌కు హాస్యోక్తులు రాసి పంపేవారు. 2005 జనవరి 23న కార్సన్ మరణించారు. జనవరి 31న లెటర్‌మన్ తన మోనోలాగ్ అంతా కార్సన్ రాసి పంపిన హాస్యోక్తులతోనే చేశారు. ఆ సంగతిని ప్రసంగం ముగిశాకనే వెల్లడించారు. టునైట్ షో దక్కకపోయినా ఆ పరంపర తనదేనని ఆయన చెప్పుకున్న తీరు అది.

6. శ్రమ కలిపిన స్నేహం

2014 తరువాత స్థిరపడిన తరంలో సంబంధాల స్వరూపం మారింది. కోల్‌బేర్, జాన్ ఒలివర్ ఇద్దరూ స్టీవర్ట్ 'డైలీ షో'లో పనిచేసినవారు. ఫాలన్, సెత్ మేయర్స్ ఇద్దరూ 'సాటర్డే నైట్ లైవ్' నుంచి వచ్చినవారు. అయితే పూర్వపరిచయం ఒక్కటే స్నేహానికి చాలదని లెనో, లెటర్‌మన్ ఉదంతం నిరూపించింది. మారినది పరిస్థితి. ప్రేక్షకులు ఆ హాస్యాన్ని మర్నాడు యూట్యూబ్‌లో ముక్కలుగా చూడసాగారు. పదకొండున్నర అన్న సమయానికి ఉన్న ప్రత్యేకత తగ్గింది. ఒక వ్యాఖ్యాత ఓటమి మరొకరికి గెలుపు కావడం ఆగిపోయింది.

2023 మే 2న అమెరికా రచయితల సంఘం సమ్మె మొదలుకాగానే ఈ కార్యక్రమాలన్నీ నిలిచిపోయాయి. సమ్మె కాలంలో కోల్‌బేర్, ఫాలన్, కిమ్మెల్, మేయర్స్, ఒలివర్ తరచుగా మాట్లాడుకోసాగారు. ఆ సంభాషణల నుంచే ఆగస్టు 30న 'స్ట్రైక్ ఫోర్స్ ఫైవ్' పాడ్‌కాస్ట్ పుట్టింది. దాని రాబడిని జీతాలు ఆగిపోయిన తమ కార్యక్రమాల సిబ్బందికి కేటాయించారు. 1979లో లెనో, లెటర్‌మన్ ఒకే పక్షాన నిలవడానికి కారణమైనది కూడా శ్రమకు ప్రతిఫలం అన్న ప్రశ్నే కావడం గమనార్హం.

2025లో ఈ బంధం మరో పరీక్షను ఎదుర్కొంది. కోల్‌బేర్ కార్యక్రమం 2026 మే నెలతో ముగుస్తుందని, 'లేట్ షో' పేరుతో మరో వ్యాఖ్యాతను నియమించబోమని సి.బి.ఎస్. జులై 17న ప్రకటించింది. ఇది కేవలం ఆర్థిక నిర్ణయమని సంస్థ చెప్పింది. రాజకీయ కారణాలున్నాయన్న విమర్శ కూడా వచ్చింది. నాలుగు రోజుల తరువాత ఫాలన్, మేయర్స్, స్టీవర్ట్, ఒలివర్ కోల్‌బేర్ ప్రేక్షకుల మధ్య కూర్చొని కనిపించారు. సెప్టెంబరు 17న ఏ.బి.సి. కిమ్మెల్ కార్యక్రమాన్ని నిలిపివేసినప్పుడు తోటి వ్యాఖ్యాతలు తమ తమ వేదికల నుంచి ఆయన పక్షాన మాట్లాడారు. 23న ఆ కార్యక్రమం తిరిగి మొదలైంది. 30వ తేదీన ఒకే రాత్రి కోల్‌బేర్, కిమ్మెల్ ఒకరి కార్యక్రమానికి మరొకరు అతిథిగా వెళ్లారు. ఇద్దరూ ఒకే సమయానికి పోటీపడేవారే. 1992లో అతిథులను పంచుకోవడానికి ఇష్టపడని ప్రక్రియలో ఇప్పుడు ప్రత్యర్థే అతిథి అయ్యారు.

7. ఈ స్నేహానికి హద్దులు

ఈ పరిణామాన్ని సంస్కారవికాసంగా మాత్రమే వర్ణించడం తొందరపాటవుతుంది. పాడ్‌కాస్ట్‌లో కూర్చున్న ఐదుగురూ శ్వేతజాతి పురుషులే. రివర్స్ ఉదంతం జరిగిన మూడున్నర దశాబ్దాల తరువాత కూడా ఆ సోఫా చుట్టూ చేరిన మిత్రమండలిలో స్త్రీ లేదు. సమంతా బీ కార్యక్రమం 2022లో, భారతీయ మూలాలున్న కెనడా కళాకారిణి లిలీ సింగ్ ఎన్.బి.సి. కార్యక్రమం 2021లో ముగిశాయి. ఆసనం దక్కినవారి మధ్య స్నేహం పెరగడం, ఆసనం దక్కే అవకాశం అందరికీ పెరగడం వేర్వేరు విషయాలు. మొదటిది జరిగినంత మాత్రాన రెండవది జరిగినట్లు కాదు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

1. లేట్‌నైట్ వ్యాఖ్యాతల మధ్య తీవ్రమైన వైరాలు బయటి పోటీ వల్ల కంటే ఒకే ఆసనానికి సంబంధించిన వారసత్వం వల్ల పుట్టాయి.

2. 1991, 2010 నాటి వివాదాలలో ఒకే స్థానంపై ఇద్దరి ఆశలు పెంచినది నెట్‌వర్క్. నింద మాత్రం వ్యాఖ్యాతలపై పడింది.

3. మోనోలాగ్ స్వభావం వల్ల స్పర్ధ ప్రదర్శనవస్తువైంది. నిజమైన వైరాన్ని, నటించిన వైరాన్ని వేరుచేసి చదవాలి.

4. ఉమ్మడి శ్రమ, ఉమ్మడి అభద్రత వ్యాఖ్యాతలను కలిపాయి. 1979, 2023 సమ్మెలు దీనికి ఆధారాలు.

5. నేటి స్నేహం ఆసనం విలువ తగ్గిన కాలంలో పెరిగింది. అది పోటీని దాటి సాధించిన మైత్రా, పోటీపడేందుకు మిగిలినది తగ్గడం వల్ల వచ్చిన మైత్రా అన్నది 'లేట్ షో' ముగింపు తరువాతి పరిణామాలను బట్టి నిర్ణయించవలసి ఉంటుంది. ఆ నిర్ణయంలో కొత్తగా ఎవరికి ఆసనం దక్కుతున్నదన్న ప్రశ్నకు కూడా చోటుండాలి.