మీకు తెలుసా? తోకకును గుఱ్ఱపు వెలయే!

నడిసముద్రమున చచ్చిన గుఱ్ఱమునకు తోకను మాత్రము తెచ్చి చూపినను, విజయనగరప్రభువగు సాళువ నరసింహరాయలు బ్రదికివచ్చిన గుఱ్ఱమునకిచ్చు వెలనే వర్తకులకు చెల్లించెనని పోర్చుగీసు చరిత్రకారుడు నూనిజ్ లిఖించియున్నాడు. వేయి వరహాలకు మూడు గుఱ్ఱములు. ఎంత తెగువగల బేరము! అనంతరకాలమున విజయనగర రాయలవారు ఏటేట హొర్ముజు గుఱ్ఱములను, దేశవాళీ గుఱ్ఱములను కలిపి 13,000 కొనుచుండిరనియు నాతడే చెప్పెను. 1515లో వినుకొండ దుర్గమును గైకొనిన శ్రీకృష్ణదేవరాయల సేనకు అశ్వబలము ముఖ్యాంగము.

అట్లు ఓడ దిగి క్రొత్త నేలను త్రొక్కిన అశ్వకిశోరమును మచ్చిక చేయు సాహిణి (అశ్వశిక్షకుడు) వెనుకనుండి పోరాదు. కన్నులు తలకిరుప్రక్కల నుండుటచే, సరిగా తోకవెనుకను, నొసటి ముంగిటను ఉన్నది దానికి కానరాదు. కావున మెల్లగా మాటలాడుచు, భుజమువైపునుండి చేరి, మెడ నిమురుటయే నేటికిని తొలిపాఠము.