పాత చిరునామా మునిగినా ఫైలు దొరకాలంటే...

వార్షికోత్సవ సంచిక చేతికి రాగానే అందరం ముందు తిరగేసేది చివరి పేజీలే. ఏ బ్యాచ్‌లో ఎవరు చదివారు, ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నారు అనే పూర్వ విద్యార్థుల జాబితా అక్కడ ఉంటుంది. ఈసారి ఆ జాబితా ఊరి పేర్లు లేకుండానే అచ్చు కావలసింది. ఒక చిన్న కమాండుతో దాన్ని ఎలా దక్కించుకున్నామో తమ్ముళ్లకు పనికి వస్తుందని ఇక్కడ వివరిస్తున్నాము.

అసలు ఏం జరిగింది?

మన సీనియర్ అన్నలు ఆ జాబితాను బ్యాచ్‌కు ఒకటి చొప్పున ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లుగా దాచారు. ఎక్స్‌ఎంఎల్ ఫైలు అంటే మామూలు అక్షరాల ఫైలే. కాకపోతే ప్రతి వివరానికి ముందు వెనుకలు ఇది పేరు, ఇది ఊరు అని తెలిపే గుర్తులు ఉంటాయి. ఈ పద్ధతిని డబ్ల్యూ3సీ అనే సంస్థ 1998 ఫిబ్రవరిలో ప్రమాణంగా ప్రకటించింది. ఏ గుర్తు తరువాత ఏది రావాలో చెప్పే నియమాలు డీటీడీ అనే వేరే ఫైలులో ఉంటాయి. అన్నలు అందులోనే ఊళ్లకు పొట్టి పేర్లు కూడా పెట్టుకున్నారు. జాబితాలో 'విపుసౌ' అని రాస్తే అచ్చులో 'విజయపురి సౌత్' అని వస్తుంది.

ప్రతి ఫైలు మొదట్లో ఆ డీటీడీ ఎక్కడ ఉందో చిరునామా రాసి ఉంది. అది ఒక ఉచిత వెబ్ స్థలం చిరునామా. ఆ స్థలం మూతపడి చాలా కాలమైంది. డీటీడీ దొరకకపోతే పొట్టి పేర్లకు అర్థం లేదు. మా అదృష్టం కొద్దీ ఒక అన్న దగ్గర పాత సీడీలో డీటీడీ నకలు దొరికింది. మరి ఫైలు దగ్గర ఉన్నా ప్రోగ్రాము మాత్రం మూతపడిన చిరునామానే అడుగుతోంది!

ప్రతి జాబితా తెరిచి చిరునామా దిద్దవచ్చు కదా అంటారేమో. అన్ని ఫైళ్లు దిద్దితే ఎక్కడో ఒకచోట తప్పు పడుతుంది. వేరే కంప్యూటర్‌లో ఫోల్డర్ మారితే మళ్లీ దిద్దాలి. పైగా అవే ఫైళ్లు చాలామంది అన్నల దగ్గర ఉన్నాయి. అందుకే కేటలాగు కావాలి.

కేటలాగు అంటే ఏమిటి?

మన ఊరి ఉదాహరణే చూద్దాం. సాగర్ జలాశయంలో ఇక్ష్వాకుల నాటి విజయపురి లోయ మునిగిపోతుందని తెలిసి, 1954 నుండి 1960 వరకు అక్కడ తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలలో కొన్నింటిని కొండ మీద, కొన్నింటిని అనుపులో తిరిగి నిర్మించారు. ఇప్పుడు ఎవరైనా పుస్తకంలో చదివి, లోయలోని రంగస్థలం ఎక్కడ అని మనల్ని అడిగితే ఏమంటాం? 'అది నీళ్లలో ఉండేది, ఇప్పుడు అనుపులో చూడండి' అంటాం. అడిగిన పేరు మారలేదు, పుస్తకం దిద్దలేదు, దారి మాత్రం మనం చూపించాం. కేటలాగు ఫైలు చేసే పని ఇదే. ఫలానా పేరు అడిగితే ఫలానా చోట చూడు అని వరుసగా రాసి పెట్టిన పట్టిక అది. ఎక్స్‌ఎంఎల్‌కు ముందున్న ఎస్‌జీఎంఎల్‌లోనూ ఇలాంటి కేటలాగులు ఉండేవి. ఎక్స్‌ఎంఎల్ కేటలాగు 1.1 రూపాన్ని ఒయాసిస్ సంస్థ 2005లో ప్రమాణం చేసింది.

ఎలా చేయాలి?

లినక్స్‌లో లిబ్‌ఎక్స్‌ఎంఎల్2 తో పాటు వచ్చే 'ఎక్స్‌ఎంఎల్‌కేటలాగ్' అనే కమాండు దీనికి సరిపోతుంది. మౌస్ అక్కరలేదు, నెట్ అక్కరలేదు. కింది కమాండ్లను ఇక్కడ తెలుగులో రాశాము. మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయాలి.

1. ఖాళీ కేటలాగు తయారు చేయడం:
ఎక్స్‌ఎంఎల్‌కేటలాగ్ --నోఅవుట్ --క్రియేట్ మనది.ఎక్స్‌ఎంఎల్

2. దారి చేర్చడం:
ఎక్స్‌ఎంఎల్‌కేటలాగ్ --నోఅవుట్ --యాడ్ సిస్టమ్ "పాత వెబ్ చిరునామా" హాస్టల్.డీటీడీ మనది.ఎక్స్‌ఎంఎల్

3. దారి సరిగా ఉందా అని అడగడం:
ఎక్స్‌ఎంఎల్‌కేటలాగ్ మనది.ఎక్స్‌ఎంఎల్ "పాత వెబ్ చిరునామా"
దారి ఉంటే కొత్త చోటు చూపిస్తుంది. లేకపోతే 'నో ఎంట్రీ' అంటుంది.

4. తప్పుగా చేర్చినది తీసేయడం:
ఎక్స్‌ఎంఎల్‌కేటలాగ్ --నోఅవుట్ --డెల్ "పాత వెబ్ చిరునామా" మనది.ఎక్స్‌ఎంఎల్

ఆ తరువాత ఎక్స్‌ఎంఎల్_కేటలాగ్_ఫైల్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో మన కేటలాగు ఉన్న చోటు ఇవ్వాలి. అప్పుడు 'ఎక్స్‌ఎంఎల్‌లింట్ --నోనెట్ --వాలిడ్ --నోయెంట్' అని జాబితా పేరు ఇస్తే ఊళ్ల పూర్తి పేర్లతో జాబితా తెర మీదకు వస్తుంది. 'నోనెట్' అంటే నెట్ జోలికి పోవద్దు అని అర్థం.

మేము చేసిన పొరపాట్లు

మొదటిసారి 'నోఅవుట్' రాయడం మరిచాము. చేర్చిన దారి తెర మీద చక్కగా కనిపించింది. పని అయిపోయిందనుకుని కంప్యూటర్ ఆపేసి పడుకున్నాము. తెల్లవారి చూస్తే ఫైలులో ఏమీ లేదు. 'నోఅవుట్' రాస్తేనే ఫైలులోకి ఎక్కుతుంది, లేకపోతే తెర మీద చూపించి వదిలేస్తుంది.

రెండవది, కేటలాగును పేరులో ఖాళీ ఉన్న ఫోల్డర్‌లో పెట్టాము. ఆ వేరియబుల్‌లో ఒకటికి మించి కేటలాగులు ఇచ్చేటప్పుడు మధ్యలో ఖాళీ వదులుతారు. అందువల్ల ప్రోగ్రాము మన ఒక్క పేరును రెండుగా చదివింది. ఫోల్డర్ పేరులో ఖాళీలు వద్దు.

మూడవది, ఆ వేరియబుల్ ఇస్తే సిస్టమ్ సొంత కేటలాగును ప్రోగ్రాము చూడదు. అది కూడా కావాలంటే దాని పేరు పక్కనే చేర్చాలి.

ఒక మంచి సంగతి కూడా ఉంది. డీటీడీని కేటలాగు ఉన్న ఫోల్డర్‌లోనే ఉంచి, పైన రాసినట్లు ఉత్త పేరు ఇస్తే, ఆ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కడికి తీసుకుపోయినా దారి చెడదు. వేరియబుల్‌లో కొత్త చోటు ఒక్కటి మార్చుకుంటే చాలు.

ఇది మనకొక్కరికేనా?

కాదు. ప్రోగ్రాములు దగ్గర నకలు పెట్టుకోకుండా ప్రతిసారీ తమ డీటీడీల కోసం వస్తున్నాయని, రోజుకు 13 కోట్ల దాకా అభ్యర్థనలు తగులుతున్నాయని డబ్ల్యూ3సీ సంస్థే 2008లో మొర పెట్టుకుంది. కేటలాగులు వాడమని కూడా అప్పుడే కోరింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ముందు ఇంట్లో వెతికి, తరువాతే బయటికి వెళ్లమనడం కంప్యూటర్‌కు కూడా వర్తిస్తుంది.

ఈ సంచిక చివరి పేజీలలో ప్రతి పేరు పక్కన ఊరు కనబడుతుంది. అది ఆ సీడీని పారేయకుండా దాచిన అన్న చలవ. కేటలాగు దారి చూపిస్తుంది గాని, లేని ఫైలును తెచ్చి ఇవ్వలేదు. కనుక తమ్ముళ్లారా, రేపు మీరు తయారు చేసే ప్రతి జాబితాతో పాటు దాని డీటీడీని, కేటలాగును ఒకే ఫోల్డర్‌లో ఉంచి, ఒక నకలు హాస్టల్‌లోను, ఒకటి మీ దగ్గర దాచండి. పదేళ్ల తరువాత వచ్చే తమ్ముళ్లకు మీ ఊరి పేరు కనబడాలి కదా!